వదిలిపెట్టిన అంగుళం

ముఖాలు మర్చిపోతాను గానీ
ముప్పై నాలుగున్నర మర్చిపోను.
మార్టేరు సెంటర్లో, మందులకొట్టు పక్క సందులో
కుట్టు మిషను ముందు కూర్చున్నవాడికి
మనుషులు అంకెల్లోనే గుర్తుంటారు.

కొలతల పుస్తకాలు ముప్పై ఏళ్లవి
బీరువా మీద గోనెసంచిలో పడున్నాయి.
మొదటి వాటిల్లో
ఊడ్పులయ్యాక వచ్చేవాళ్లు ఆడవాళ్లు:
"కాస్త లోపలికి పట్టండి, వదులైపోయింది."
తర్వాత ఊడ్పు మిషన్లొచ్చాయి, చేపల చెరువులొచ్చాయి,
చేలో దాకా బండి వెళ్లే రోడ్డొచ్చింది.
పుస్తకం మారినప్పుడల్లా
కుట్టు లోపల నేనొదిలే గుడ్డ పెరిగింది.
అరంగుళం. అంగుళం. ఒకటిన్నర.
"మళ్లీ విప్పుకోడానికి ఉంచండి" అనేవారు,
మేడ మీద ఇంకో గది వేసుకుంటున్నట్టు.

జూన్లో యూనిఫారాలకొచ్చిన ఏడో తరగతి పిల్లాడికి
మా నాన్న కొలత వచ్చింది.
తప్పు చూశాననుకుని మళ్లీ టేపు పెట్టాను.
వాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని
"ఇప్పుడు చూడండి" అన్నాడు.

ఆ మాట సువార్తమ్మకి చెప్పాను.
సబ్‌సెంటర్ నర్సమ్మ, జాకెట్టు కోసం వచ్చింది,
స్టూలు మీద అలాగే కూలబడిపోయింది.
"ఆ పుస్తకాలిస్తారా అండీ?"
ఇవ్వనన్నాను.
ఆడవాళ్లు మొగుడికి చెప్పని అంకె అది.
నేనూ పైకి అనను, పెన్సిలుతో రాసుకుంటాను.
"పేర్లొద్దు. ఏడాది, వయసు, అంకె. అంతే."

తొమ్మిది సాయంత్రాలు
పేర్ల మీద స్కేలు అడ్డంపెట్టి నేను చదివితే
డ్రిల్లు మాస్టారు ఏసుబాబు గళ్లకాగితం మీద చుక్కలు పెట్టాడు.
కలిపి చూస్తే
వరదప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టంలా ఉంది గీత.
మొదటి హెచ్చరిక దాటింది, రెండోదీ దాటింది,
ఊళ్లో ఎవరం మూట సర్దుకోలేదు.

పంచాయతీ ఆఫీసులో ఓ పెద్దాయన నవ్వాడు.
"గంజి తాగిన రోజులు పోయినందుకు సంతోషించక
ఇదేం గోలండీ?"
నిజమే. నిండు కంచాన్ని తిట్టడం నాకూ చేతకాలేదు.
సువార్తమ్మా తిట్టలేదు.
"నడవడానికి చోటేదండీ?" అని మాత్రం అడిగింది.

లాకుల ఉద్యోగి కాలవగట్టు మీద తుమ్మకంప కొట్టించాడు.
పంచాయతీ పదకొండు దీపాలు పెట్టింది, ఏడు వెలిగాయి.
బడి వంటావిడ పేరంటాలు పప్పులో తోటకూర గుమ్మరించింది,
పిల్లలు ఏరి పారేస్తే సన్నగా తరగడం మొదలెట్టింది.
గేటు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు కదలనంది,
బతిమాలగా బతిమాలగా
ఇరవై అడుగులు జరిగింది.
సత్తిరాజు బజ్జీల మూకుడు దించలేదు,
పక్కన ఉడికిన శనగల గిన్నె పెట్టాడు.
"అమ్ముడుపోతేనే సుమండీ."
ఏసుబాబు ఒక్క రూలే పెట్టాడు:
నా గ్రౌండులో 'లావు' అన్నవాడు రెండు రౌండ్లు పరిగెత్తాలి.
ముందుగా ఆయనే అనేసి, పరిగెత్తాడు.

ఏడాదైంది. అద్భుతాలేం లేవు.
నలుగురొచ్చారు, బిగించమని.
ఒకావిడకి ఇంకో అంగుళం పెరిగింది,
"అయినా మోకాళ్లు మాట వింటున్నాయండీ" అంది.
పిల్లాడి అంకె నిరుటిదే,
వాడు మాత్రం పొడుగయ్యాడు, ఊపిరి బిగబట్టలేదు.

నిన్న రాత్రి షట్టరు సగం దించి
టేపు మొట్టమొదటిసారి నా నడుముకి చుట్టాను.
పెన్సిలుతో అంకె రాశాను. పేరు రాయలేదు.

తెల్లారి ఐదింటికి గట్టెక్కితే
నాలుగో దీపం ఆరిపోయి ఉంది.
చీకట్లో ముందెవరో నడుస్తున్నారు.
ఐదో దీపం కిందికి వచ్చాక
వీపు మీది కుట్టు చూసి గుర్తుపట్టాను, నాదే.
పలకరించలేదు.
అడుగు కాస్త చిన్నది చేసుకుని
వెనకే నడిచాను.