ఏడుసార్లు కడిగిన చెయ్యి

తెల్లారకముందే వేతే రేవులో
సైకిలు వెనక ఐసుపెట్టె కట్టాడు షామే.
నూట ఇరవై కుక్కలకి సరిపడా మందు.
దారి పొడుగునా చాపల మీద ఎండే లవంగాలు.
పెంబా దీవి గాలికి ఎప్పుడూ
పంటినొప్పి మందు వాసన.

ఇక్కడ కుక్కని గడప తొక్కనివ్వరు.
చొంగ తగిలితే ఏడుసార్లు కడగాలి,
అందులో ఒకసారి మట్టితో.
అయినా మీజె అవ్వ రోజూ
కొబ్బరిచిప్పలో చేప తలకాయలు వేసి
కర్రతో అంత దూరం నెడుతుంది.
"నాది కాదు. లవంగాలకి కాపలా, అంతే."
పేరు మాత్రం పెట్టింది, మ్గేని అని.
వాళ్ళ భాషలో చుట్టం.

పోయినేడు వానల్లో, పక్క ఊళ్ళో
ఒక పిల్లాడు నీళ్ళ గ్లాసు చూసి వణికాడు.
మూడోనాటికి లేడు.
ఊరు ఊరంతా కర్రలు తీసింది.
పదకొండు కుక్కలు కాలవలో తేలాయి.
నెల తిరక్కుండానే
ఖాళీ పడ్డ వీధుల్లోకి కొత్తవి దిగాయి,
సూది ఎరగనివి,
ఏ చేతి వాసనా తెలియనివి.

బడి ముందు ఇవాళ తిరునాళ్ళే.
తాళ్ళు కట్టి, బండిలో తోసుకుంటూ,
ఒకడైతే పొరపాటున మేకని కూడా తెచ్చాడు.
మ్గేని ఎవరికీ చిక్కలేదు.
వల వద్దన్నాడు షామే.
"అవ్వా, నువ్వు పిలువు."

పిలిచింది. వచ్చింది.
ఆరేళ్ళలో మొదటిసారి
ఆ మెడ మీద ఆ చెయ్యి.
దోమ కుట్టినంత సేపు.
మెడకో ఎర్ర గుడ్డపీలిక.

చెంబుతో షామే పోస్తుంటే
అవ్వ లెక్కపెట్టి కడుక్కుంది.
"ఎప్పుడైనా కరిస్తే, అవ్వా,
కుక్కకాటుకి చెప్పుదెబ్బ కాదు, సబ్బు.
పావుగంట ధార కింద ఉంచి
తిన్నగా ఆసుపత్రికి."
"ఏడుసార్లు కడిగేదాన్ని,
నాకు చెప్తున్నావా కడగడం!"

పుస్తకంలో యజమాని పేరు రాయాలి.
"చుట్టానికి యజమాని ఏంట్రా?"
కాసేపు కలం పైకెత్తి ఉంచి
ఆ గడిలో ఊరి పేరు రాశాడు.

పదింట ఏడింటికైనా పడాలి సూది,
అప్పుడే జబ్బుకి దారి మూసుకుంటుంది.
ఇంకా ముప్పై ఒక్క సీసాలున్నాయి.
చేపల దుకాణాల వెనక
పేరు లేని మూడు ఎర్రకుక్కలు
అతన్నే చూస్తున్నాయి.
ఐసు కరుగుతోంది.
జేబులో ఎండుచేప ముక్క తడుముకుని
మెల్లిగా గొంతుక్కూర్చున్నాడు షామే.