మంచు మందం

ముందా కవరు ఆ బకెట్ మీద పెట్టు మార్లిస్.
గద్ద బొమ్మ చూసి బెదరకు,
అది సర్కారు గద్ద కాదు,
ఏదో అచ్చాఫీసులో పొదిగిన గద్ద.
నిరుడు నాకూ వచ్చింది,
ఇదే నీలం గీత, ఇదే "ఆఖరి నోటీసు."
దాని తర్వాత ఇంకో ఆరు ఆఖరివి వచ్చాయి.

కాఫీ పోసుకో. మూత బిగుసుకుంది,
తొడుగు తియ్యకుండా తిప్పు.
ఈ గుడిసె కింద పదకొండు అంగుళాల మంచు.
దాని కింద లోతెంతో మా నాన్నకీ తెలీదు.
ఆ మూలుగు విని లేవకు,
అది గట్టిపడుతున్న మంచు చేసే చప్పుడు.

నలభై ఏళ్లు ఈ సరస్సు మీద తిరిగాను,
గునపంతో పొడిచి చూడకుండా
ఒక్క అడుగు వేసి ఎరగను.
అలాంటివాణ్ని
ఫోన్లో ఒక గొంతు చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

ఎంత మెత్తటి గొంతనుకున్నావు!
ఇంగ్రిడ్ పోయాక
నా పేరు అంత నెమ్మదిగా ఎవరూ పలకలేదు.
"ఇందులో మీ తప్పేం లేదు ఆర్విడ్" అన్నాడు.
ఆ ఒక్క మాటకే సగం అప్పు తీరినట్టయింది.
ఆసుపత్రి బిల్లు, మూడు కార్డులు, పడవ ఇంజను,
ముప్పై ఒక్క వేల డాలర్లు
గుమ్మం ముందు మంచు ఊడ్చినంత తేలిగ్గా
సగానికి ఊడ్చేస్తానన్నాడు.
నేనడిగింది ఒక్కటే,
సంతకం ఎక్కడ పెట్టాలని.

కార్డులకి కట్టడం మానేసి మాకు కట్టమన్నాడు.
కట్టాను. నెలకి నాలుగొందల పన్నెండు, పద్నాలుగు నెలలు.
ముందు వాళ్ల ఫీజు తిన్నారు,
వడ్డీ దానంతటది తింటూ పోయింది.
అక్టోబరులో షెరీఫ్ మనిషి కోర్టు కాగితం పట్టుకొచ్చాడు.
చిన్నప్పుడు నీ బస్సులో బడికెళ్లిన కుర్రాడే,
కిటికీలోంచి టోపీ పారేసుకుని ఏడ్చినవాడు.
బూట్ల వంక చూస్తూ ఇచ్చి వెళ్లాడు.

ఫోన్ చేశాను.
ఆ గొంతు లేదు. సంగీతం ఉంది.
నలభై నిమిషాలు విన్నాను, బాగానే ఉంది సంగీతం.

నువ్వు నాలా సంతకం దగ్గర మొదలెట్టకు.
డబ్బు ఎప్పుడు తీసుకుంటావని అడుగు,
ఒక్క అప్పయినా తెగక ముందా, తెగాకా?
బ్యాంకు దావా వేస్తే
కోర్టు బల్ల దగ్గర నా పక్కన ఎవరు నిలబడతారు?
మధ్యలో వదిలేసి పోయినవాళ్లెందరు?
ఇదంతా కాగితం మీద పెట్టమను.
"ఈ ఆఫర్ ఇవాళ్టి వరకే" అంటే పెట్టెయ్.
మంచు ఎవర్నీ తొందరపెట్టదు.

తెల్లమంచు చూశావుగా, రేవు దగ్గర,
పిల్లలు ఫోటోలు దిగేది?
సగం గాలి. సగం బరువే మోస్తుంది.
నల్లగా, కింద నాచు కదలడం కూడా కనిపించే మంచు ఉందే,
దాని మీద కాలు పెట్టాలంటే గుండె జారుతుంది.
నాలుగంగుళాలుంటే చాలు, మనిషిని మోస్తుంది.

లూథరన్ చర్చి నేలమాళిగలో
గురువారాలు ఒక పిల్ల కూర్చుంటుంది,
సెయింట్ పాల్ నుంచి వచ్చిన హ్మోంగ్ పిల్ల, గావ్ నూ.
నవ్వదు. నా పేరు కూడా తప్పు పలికింది.
కాగితాలన్నీ తిరగేసి,
"ఏదీ మాయమవదు. ఐదేళ్లు పడుతుంది.
వడ్డీ తగ్గించమని అడుగుతాను, ఒప్పుకోకపోవచ్చు.
పడవ అమ్మెయ్యండి" అంది.
ఒళ్లు మండిపోయింది.
రెండు రోజులు ఇంట్లో తిట్టుకుంటూ తిరిగాను.
మూడోనాడు వెళ్లి పడవ మీద టార్పాలిన్ విప్పాను.

ఆమెనీ గుడ్డిగా నమ్మమనడం లేదు.
నన్నూ నమ్మకు,
మునిగినవాడి మాటకి కొంత వణుకు కలుస్తుంది.
నీ గునపం నువ్వు తెచ్చుకో.

మోగుతున్నది నీ కోటులోనే కదూ?
వాడే అయ్యుంటాడు, ఈ వేళకే చేసేవాడు.
ఎత్తుతావో మానతావో నీ ఇష్టం.
ఈలోగా అటు చూడు, నీ జెండా లేచింది.
తీగ మెల్లగా లాగు,
చేపే అని ఇప్పుడే అనుకోకు,
నాచు కూడా బరువుగానే వస్తుంది.