గొళ్ళెం

కౌన్సిల్ ఆఫీసులో నా ఉద్యోగం
జనాన్ని భయపెట్టడం.
నెలకోసారి ఒక దొంగ మెయిల్ నేనే రాసి వదులుతాను:
"మీ పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి."
నొక్కినవాళ్ళకి మర్నాడు క్లాసు.
పోయిన నెల నొక్కింది నలభై ఒక్కరు.
అందులో నేనూ ఉన్నాను.
నేను రాసిందే. మర్చిపోయాను.
ఆ వారం నిజంగానే బూట్ల కోసం చూస్తున్నాను మరి.

హల్ నగరంలో నవంబరు.
హంబర్ మీంచి వచ్చే గాలికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు,
కిటికీ సందుల్లోంచి నేరుగా వంటింట్లోకి వస్తుంది.
గ్యాస్ బిల్లు చూసి హీటర్ కట్టేసి
కోట్లు వేసుకుని టీవీ చూస్తోంది వీధి వీధంతా.
ఏదో సూపర్‌మార్కెట్‌ని ఎవరో హ్యాక్ చేశారట, అరల్లో పాలు లేవు.
అందరూ పాల కోసం తిట్టుకున్నారు.
పోయిన పేర్ల గురించి, పుట్టినరోజుల గురించి
ఎవరూ నోరెత్తలేదు.
నాకూ ఉత్తరం వచ్చింది.
"మీ గోప్యత మాకు ప్రాణం" అని మొదలై
పోయినవాటి జాబితాతో ముగిసింది.
ఫ్రిజ్ మీద అతికించాను,
చెత్తబండి ఏ రోజో చెప్పే కాగితం పక్కన.
ఈ వారం నీలం డబ్బానా, గోధుమరంగుదా
అన్నది మాత్రం రెండుసార్లు సరిచూసుకుంటాను.

పక్కింటి మేవిస్‌కి ఎనభై రెండు.
వెనక సందులో, ఇక్కడివాళ్ళు టెన్‌ఫుట్ అంటారు దాన్ని,
ఆవిడ తాళంచెవి పింగాణీ కప్ప కింద ఉంటుంది.
నాకు తెలుసు, పోస్ట్‌మాన్‌కి తెలుసు,
ఎదురింటి పిల్లికీ తెలిసే ఉంటుంది.
"యాభై ఏళ్ళుగా అక్కడే ఉంది లవ్, ఎవరేం పట్టుకెళ్ళారు?"

నిజమే, తలుపులోంచి ఎవరూ రాలేదు.
మంగళవారం మధ్యాహ్నం ఫోన్‌లోంచి వచ్చారు.
బ్యాంకు నుంచి అన్నాడట. మహా మర్యాదట.
మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడిగాడట.
నాలుగు నెలల్లో ఆ నొప్పి సంగతి అడిగింది వాడొక్కడే.
గోడకి ఇవతలే ఉన్నాను, నేను అడగలేదు.
పదకొండు వందల పౌండ్లు.

దొంగలు పడ్డ ఆరునెల్లకి మొరిగే కుక్కలా
లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను.
"పాస్‌వర్డ్ ఏమిటి?"
"క్లిఫ్. పక్కన మా పెళ్ళి సంవత్సరం."
"అన్నిటికీనా?"
"అన్నిటికీ క్లిఫే."
మార్చాలి, అన్నాను ఆఫీసు గొంతుతో.
ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.
"ఆయన పోయి తొమ్మిదేళ్ళు.
ఆ పేరు పైకి అనడానికి ఎవరున్నారు నాకు?
రోజూ పొద్దున్న ఒకసారి టైపు చేస్తాను. అంతే."

ఇది మా శిక్షణ స్లైడుల్లో లేదు.
బలహీనమంటే ఏమిటో అందులో నేనే రాశాను,
ఎర్రరంగులో, కింద గీత గీసి.

టీ పెట్టింది. బిస్కెట్లు మెత్తబడి ఉన్నాయి.
ఒక్క వేలుతో, ఆగి ఆగి, ఏదో పొడుగ్గా కొట్టింది.
తెర పచ్చబడి "బలంగా ఉంది" అంది.
"ఎవరికీ చెప్పకండి. నాకు కూడా."
"సరే" అంది, అని వెంటనే చెప్పేసింది:
క్లిఫ్ నడిపిన బస్సు నంబరు,
అది తిరిగే ఆఖరి స్టాపు,
అక్కడి మీగడరంగు ఫోన్ పెట్టెలో
వాన వెలిసేదాకా ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డ నెల.

ఇప్పుడది నా దగ్గరుంది.
ఎక్కడా రాసుకోలేదు.
కప్ప కిందది తీసి ఆవిడ చేతిలో పెట్టి
ఇంటికొచ్చేసరికి
నా వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.
తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అంటారు,
నేను తాళం కూడా వెయ్యలేదు.
లైటు వెలుగుతోంది, గాలి తిరిగి వెళ్ళిపోయింది,
ఏమీ పోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మోకాలి సంగతి అడగనేలేదని.
రేపు అడుగుదాంలే, అనుకున్నాను.
అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ
నేను నొక్కే మాటే అది.
తలుపు అలాగే వదిలేసి
మళ్ళీ సందులోకి దిగాను.