ఒక్క స్పీకరు

తార్తూ ఊళ్ళో మా పేటని పులుసుపేట అంటారు.
వీధులన్నిటికీ కూరగాయల పేర్లు,
బఠాణీ వీధి, చిక్కుడు వీధి.
నేనుండేది ఆలుగడ్డ వీధిలో
చెక్కింటి కిందివాటా.

అందుకేనేమో నా మిక్స్ కూడా పులుసే అయింది.

హెల్వె పాడింది నా బట్టల బీరువాలో.
చలికోట్లు అటూ ఇటూ తోసి, మధ్యన మైకు పెట్టి,
తలుపు సగం మూసి.
రోజంతా ఉత్తరాలు పంచి వచ్చిన మనిషి,
బూట్ల మీది మంచు ఇంకా కరగలేదు.
మూడు టేకులు. మూడోదాంట్లో
పైవాటా హెల్దుర్ పెరట్లో కట్టెలు కొట్టే చప్పుడు దూరింది.
ఫ్రిజ్ ఆపడం నేనే మర్చిపోయాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా
దాని మీదే కూర్చున్నాను.
తెల్లవారుజామున రొట్టెల బట్టీ, రాత్రి ఇది.
ఫైళ్ళ పేర్లు చూస్తే నాకే నవ్వొస్తుంది:
చివరిది.
చివరిదే.
ఇంక ముట్టుకోను.
ముట్టుకున్నాను.

గొంతు పల్చగా ఉందని ప్రతిధ్వని పోశాను,
నూతిలోంచి పిలిచినట్టు దూరమైపోయింది.
దగ్గరికి లాగుదామని కంప్రెసర్ బిగించాను,
ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా ఫ్రిజ్ కూడా పీల్చింది.
మూడొందల హెర్ట్జ్ దగ్గర బురద,
తోడినకొద్దీ ఊరుతుంది.
ఉప్పెక్కువైందని నీళ్ళు,
నీళ్ళెక్కువయ్యాయని మళ్ళీ ఉప్పు.
నలభై ట్రాకులు. పాటేమో రెండున్నర నిమిషాలు.
అలిసిన చెవికి చేదేదో తీపేదో తెలీదు,
తీర్పులన్నీ ఆ చెవితోనే చెప్పాను.

హెల్వె వచ్చి, వంటింటి బల్ల దగ్గర ఫోన్లో విని
టీ చల్లారేదాకా ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది:
"ఇందులో నేనెక్కడ?"

దానికి మీట లేదు.

ఆమె 'స' పలికినప్పుడల్లా
పంటి సందులోంచి సన్నని ఈల వస్తుంది.
చెరిపే పనిముట్టు ఉంది కదా అని
శుభ్రంగా చెరిపేశాను.
"అది తిరిగి పెట్టు," అంది.
"గేట్ల దగ్గర కుక్కలు నన్ను గుర్తుపట్టేది దాంతోనే."

శనివారం హెల్దుర్ కార్లో విన్నాం.
ముసలి లాడా. ఎడమ స్పీకరు
ఏ చలికాలంలో చచ్చిందో ఆయనకే గుర్తులేదు.
హీటరు రొద, అద్దాల మీద మంచు పొర.
పాట మొదలైంది.
నా కన్నెల్ లేదు.
ఎడమవైపు నేను పరిచిన ముప్పై ఆరు తంతులు,
ఒకదాని మీద ఒకటి నాలుగు పొరలు,
లేవు.

గొంతుంది.
కోటు లేకుండా వీధి మధ్యలో
ఒక్కతే నిలబడ్డట్టు.
రెండో చరణంలో గొడ్డలి దెబ్బ,
తాళానికి కాస్త వెనగ్గా.
దానికోసం ఆమె ఒక మాట ఆపి పట్టుకుంది.
నిజంగానే ఆపింది.
ఇన్నాళ్ళూ ఆ జాగాని నేను డ్రమ్ముతో పూడ్చాను.

"ఆ దుంగలో ముడి ఉండేది," అన్నాడు హెల్దుర్,
చప్పుడు గుర్తుపట్టి.

చెప్పుకోడానికి సిగ్గే.
గొంతు చాలడం లేదనుకున్న ప్రతిసారీ
నేను పెంచుతూ వచ్చింది నా కన్నెల్‌నే.
ఒక్కో డెసిబెలు, ఎవరికీ తెలీకుండా,
నాక్కూడా.

ఆ రాత్రి ఏదీ కలపలేదు.
ఒక్కొక్కటే మూసుకుంటూ పోయాను.
ముప్పైమూడు పోయాయి,
ఒక్కదాని కోసమూ పాట వెనక్కి తిరిగి చూడలేదు.
కన్నెల్ ఒక పొర మిగిల్చాను,
ఆమె ఊపిరి తీసుకునే చోట మాత్రం పలికేలా.
ఫ్రిజ్ కొంచెం ఉంది. ఉండనీ,
అదీ ఈ ఇంటిదే.

పొద్దున్నే కిటికీ తెరిచి పెద్దగా పెట్టాను.
ఎదురింటి మూరి, మంచులో చుట్టచుట్టుకున్న కుక్క,
మొదటి 'స' దగ్గర ఒక చెవి లేపింది.
రెండోదానికి లేచి, ఒళ్ళు దులుపుకుని,
గేటు దాకా వచ్చి తోక ఊపుతూ నిలబడింది,
టపా రాని ఆదివారం.

ఫైలుకి ఈసారి పాట పేరే పెట్టాను.
బాస్ మాత్రం ఇంకా ఒక చెంచా ఎక్కువే.