రాని_పడవలు

రుషికొండ మీద నాలుగో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ భుజాల చుట్టూ లాక్కుని
పేర్లు మారుస్తున్నాను.

జావాలో మాటల్ని అతికించి
రెండోదానికి మూపు లేపాలి, ఒంటెలా.
పైథాన్‌లో నేల మీద పాకించాలి,
మాటకీ మాటకీ మధ్య అడుగున ఓ గీత.
ఎప్పటికీ మారనివాటికి అన్నీ పెద్దక్షరాలే,
లాడ్జి బోర్డులా అరుస్తూ.
వెనకటివాళ్లు రకాన్ని ముందు తగిలించేవారట,
అంకెకి ఐ, మాటకి ఎస్.
అందులో వింతేముంది,
మనకి ఇంటిపేరు ముందుండదూ?

మన లిపిలో పెద్దా చిన్నా లేదు.
అకారానికి మూపెక్కడ లేస్తుంది?
రెండు మాటలు కలిసేచోట
ఓ ఉకారం చప్పుడు చెయ్యకుండా దిగిపోతుంది,
అంతే.

ఈ కోడు గనగళ్ల తాతారావు రాసింది.
హార్బరు నుంచి ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఆ లెక్క.
మనిషి మానేసి రెండేళ్లు.
లోపల ఇంగ్లీషు అక్షరాల్లో అతని తెలుగు అలాగే ఉంది:
వల, వంజరం, గాలి, గాలి2.
రెండో గాలి ఎటునుంచి వీచేదో ఎవరికీ తెలీదు.

పేర్లు ఇంగ్లీషులో ఉండాలని రూలు. సరే.
వల నెట్ అయింది.
ఇంటర్నెట్టా, నికరమా అని
రేపెవడో అడుగుతాడు.

కొత్త కుర్రాడు జశ్వంత్ కుర్చీ జరుపుకొచ్చాడు:
"మేడమ్, ఈ రాణి పడవలేంటి? రాణిగారివా?"

ఆ అక్షరాల్లో ణకీ నకీ తేడా లేదు.
నేనూ నిన్నటిదాకా రాణి అనే చదివాను,
మూతికి పసుపు రాసిన కొత్త పడవనీ
దాని మీద ఎర్ర జెండానీ ఊహించుకున్నాను.
తర్వాత ఆ అంకె పుట్టే వరుస దొరికింది:
వెళ్లినవాటిలోంచి వచ్చినవి తీసెయ్యి.

రాని.

పెండింగ్ అని రాశాను. కరెంటు బిల్లు గుర్తొచ్చింది.
మిస్సింగ్ అని రాశాను. పోలీసు స్టేషను.
రెండూ చెరిపి తాతారావుకి ఫోన్ చేశాను.
వెనక ఎవరో చేపల ధర అరుస్తున్నారు.
"మార్సీండి మేడమ్, పేరుదేటుంది.
ఆడ సున్నా పడితే సాలు."

మిగతావన్నీ మార్చాను.
ఆ ఒక్క వరుస పైన కామెంటు పెట్టాను:
న, ణ కాదు.

రాత్రి రెండున్నర. తెర మీద నాలుగు.
కిటికీ అవతల నల్లటి నీళ్ల మీద
దీపాలు మూడు.
మళ్లీ లెక్కపెట్టాను.