సీసా పగలకుండా

మందుపొడిని మంచు ఏమీ చెయ్యదు.
దాన్ని కలిపే నీళ్ళ సీసాకే చలి గండం.
అందుకే ఆ బుల్లి సీసాల్ని
గొర్రెతోలు కోటు లోపల, చంకలో దాచుకుని
మోటారు సైకిలెక్కాను,
పొదిగే కోడిలా ఒక పక్కకి ఒరిగి.

గోబీ అంచున, మైనస్ ముప్ఫై.
"ఇంత దూరాన ఉన్నాం, మా దాకా ఏ జబ్బొస్తుంది?"
ముక్కుపొడుం బుడ్డి చేతికిస్తూ అన్నాడు గొంబోసురెన్ తాత.
దానికి కాళ్ళు లేవు తాతా,
మన కాళ్ళతోనే నడుస్తుంది.
మన లారీలెక్కుతుంది, మన పొయ్యి దగ్గరే కూచుంటుంది.

ఆ డేరాలో అందరికీ సూది పడింది.
ఒక్క మనవడికి తప్ప.
ఒంటెల వెనక వెళ్ళాడు ఒచిర్.
"లేడు" అని రాసుకుని వచ్చేశాను.
చీకటి పడుతోంది, పెట్రోలు తక్కువుంది.
ఇవి కారణాలే, కాదనను.

నెల తిరక్కముందే ఉన్ని కొనే డ్రైవరొకడు
రెండు గిన్నెల ఉప్పు టీ తాగి
నాలుగుసార్లు దగ్గి వెళ్ళిపోయాడు.
పదకొండో రోజున ఒచిర్‌కి జ్వరం,
ఆ తర్వాత చెవుల వెనక నుంచి దిగిన తట్టు.
వెలుతురు చూడలేక ఏడుస్తుంటే
డేరా నెత్తి మీద కిటికీని కంబళితో కప్పేశారు.
కబురు ఫోన్లో వచ్చింది, సగం మాట, సగం గాలి.

నేను లెక్కపెట్టింది వాడి జ్వరాన్ని కాదు.
గుట్టకి అవతల ఖోర్లో కూతురు దుల్మాని.
ఆరు నెలల పిల్ల. సూదికి ఇంకా ఈడు రాలేదు.
ఒచిర్ అక్కలిద్దరూ రోజూ దాన్ని ముద్దాడేవాళ్ళు.

ఎండుగడ్డి కాలే రోజుల్లో
ముందే నేల చెక్కి మట్టి పట్టీ వదులుతారిక్కడ.
మంట అక్కడిదాకా వచ్చి, నాలుక చాపి
ఏమీ దొరక్క
తన బూడిదలో తనే పడుకుంటుంది.
ఆ అక్కల భుజాలే ఆ మట్టి పట్టీ.

పద్నాలుగు రోజులు. ఇరవై.
ఒచిర్ లేచి పెరుగు అడిగాడు.
"అవతలి డేరాలో ఏమైంది?" తాత ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.
ఏమీ కాలేదు.
రిజిస్టరులో దానికి గడి లేదు.

దుల్మా పేరు పక్కన జూన్ అని రాసుకున్నాను.
అప్పటికి ఎండలు ముదురుతాయి.
చంకలో కుదరదు,
మంచుపెట్టె అరువు తెచ్చుకోవాలి.
ఒంటెల దాకా కూడా వెళ్ళాలి ఈసారి.