అద్దెకిచ్చే ముందు మాట

తాళంచెవి ఇస్తాను, తొందరేం లేదు.
ముందు ఆ పెట్టె కింద పెట్టు వముయూ,
ఈ స్టూలు మీద కూర్చో.
న్యాహురూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చానన్నావు,
మెడకి ఆ మఫ్లరు ఇంకా విప్పనే లేదు.
విప్పు. మొంబాసాలో దానితో పని లేదు.

సముద్రం కనపడుతుందా అని అడిగావు.
కనపడదు.
డాబా ఎక్కి, నీళ్ళ డ్రమ్ము మీద నిలబడి
పక్కింటి యాంటెన్నాకీ మసీదు గోడకీ మధ్య చూస్తే
గోరంత నీలం.
దానికి నేను అద్దె వెయ్యడం లేదు.
నువ్వు దాన్ని చూడకపోయినా అది నిన్ను చూడటానికొస్తుంది,
తలుపు గడియలోకి, కత్తెర కీలులోకి,
నువ్వు దాచుకున్న సర్టిఫికెట్ల పిన్నులోకి.
ఉప్పు సీసాలో నాలుగు బియ్యపు గింజలు వేసుకో,
లేదంటే కూర చల్లారేదాకా
సీసా అడుగు కొడుతూ కూర్చోవాలి.

కుళాయిలో మంగళవారం నీళ్ళొస్తాయి.
ఏ మంగళవారమో చెప్పలేను.
బావి నీళ్ళు గిన్నెలకీ గచ్చుకీ.
వాటితో తల రుద్దుకుంటే
నురగ రాదు, ఏడుపొస్తుంది.
తాగే నీళ్ళు కరీసా తోపుడుబండి మీద తెస్తాడు.
అతనితో బేరమాడకు.
నేనొకసారి ఆడాను,
మూడు రోజులు మా సందు అతని కంటికి ఆనలేదు.

మొదటి నెల బాగుంటుంది.
ఫెర్రీ దిగి, కొబ్బరిబొండం తాగుతూ
మీ అక్కకి ఫోటో పంపుతావు.
రెండో నెల నిద్ర రాదు.
దిండు తిరగేస్తావు, అవతలివైపూ వేడే.
మీ బంగాళాదుంప మడుల మీద
తెల్లారగట్ల పేరుకునే మంచు
కలలో నాకుతావు. నాలుక ఎండి లేస్తావు.
మూడో నెల నా మీద కోపం వస్తుంది.
ఈ ఊరివాళ్ళకి దేనికీ తొందర లేదంటావు.
నిజమే.
మిట్టమధ్యాహ్నం పరిగెత్తినవాణ్ణి
ఈ వీధిలో ఒకణ్ణే చూశాను,
వాడి వెనక కుక్క ఉంది.

అవునూ, ఆ పెట్టె అంత బరువేమిటి?
అల్లిక మిషనా?
స్వెట్టర్లా?
లేదు, నవ్వలేదు. పొలమారింది.
సరే, నవ్వాను.

సూదులకి రోజూ నూనె రాయి,
కొబ్బరినూనె కాదు, మిషను నూనె.
గోడకి ఆనించకు, పగడపు రాయి అది,
మా మామగారి తాత కట్టిన నాటి నుంచీ
చెమట ఓడుస్తూనే ఉంది.
ఇక కొనేవాళ్ళంటావా,
జూలైలో దక్షిణం నుంచి కూసి గాలి తిరుగుతుంది.
నీకది గాలని కూడా అనిపించదు.
మాకు పళ్ళు టకటకలాడతాయి.
ఫెర్రీ దగ్గర కాపలా కుర్రాళ్ళు
చొక్కా మీద చొక్కా తొడుగుతారు,
బాలింతలు పసివాళ్ళని ఉన్నిలో ఉండల్లా చుట్టి
ముక్కు మాత్రం బయట పెడతారు.
అది రెండు నెలలు.
తక్కిన పది నెలలు నువ్వేం తింటావో
నాకు తెలీదు.
తెలుసంటే నీకు గది అంటగట్టడానికే అనుకో.

ఇక్కడ బతకడం తేలికని ఎవరైనా చెప్పారా?
వాళ్ళు హోటల్లో దిగి వెళ్ళినవాళ్ళయి ఉంటారు.
నీ చెవిటి అత్తని చూసుకునేవాళ్ళు లేక వచ్చావని
ఆ టుక్‌టుక్ అబ్బాయి అప్పుడే చెప్పేశాడులే.
ఇక్కడ మాట కూడా తుప్పుపట్టదు,
అదొక్కటే.

అద్దె ఐదో తారీఖున.
కాకులకి మెతుకు వెయ్యకు, చుట్టాల్ని తెస్తాయి.
ఇదిగో తాళంచెవి. తలుపు కొంచెం పైకెత్తి తిప్పు.

ఆగు, మెట్లెక్కకు ఇంకా.
టేపు ఉందా నీ దగ్గర?
ఈ మోకాళ్ళు కొలువు.
ఎడమది కాస్త లావు, పోయినేడు జారిపడ్డాను.
జూలై గాలి మొదట దానికే తెలుస్తుంది.
రంగు నీ ఇష్టం, తెలుపు మాత్రం వద్దు.
అద్దెలో తగ్గించను.
చేతికి డబ్బిస్తాను.